చీరలు అమ్ముడవుతున్నాయి, డబ్బు ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: మాది మంగళగిరి. ఏడాదిన్నరగా ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో మంగళగిరి నూలు చీరలు అమ్ముతున్నాను. చీర సగటున 1,250 రూపాయలకు కొని, కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుని 1,850కి ఇస్తాను. జీఎస్టీ నంబరు ఉంది. నెలకు 75 ఆర్డర్లు వస్తాయి. అందులో 45 సీఓడీవే (చీర చేతికి అందాక డబ్బు కట్టేవి), వాటిలో 11 దాకా తీసుకోకుండా తిప్పి పంపుతారు. డబ్బు ముందే కట్టినవాళ్ళలో కూడా నలుగురు ‘రంగు ఫోటోలో ఉన్నట్టు లేదు’ అని వెనక్కి పంపుతారు. ప్రకటనలకు నెలకు 12,000 అవుతోంది. వ్యాపారం బాగుందని అందరూ అంటారు, నెలాఖరుకు బ్యాంకులో ఏమీ ఉండదు. ఆరు నెలలు దాటిన చీరలు 140 బీరువాలో ఉన్నాయి. వెబ్‌సైటు పెట్టమని ఒకరు, పెద్ద ఆన్‌లైన్ సంస్థల్లో అమ్మమని ఇంకొకరు చెబుతున్నారు. చీరను అట్టపెట్టెలో అందంగా పంపాలని నా కోరిక. ఈ వ్యాపారంలో నిలబడ్డవాళ్ళ నుంచి నేర్చుకోవలసిందేమిటి? మీకు బాగా నచ్చిన పద్ధతులు, సామాన్లు ఏవి?
(పేరు వద్దన్నారు)

సమాధానం:

అమ్మా, అంకెలు దాచకుండా రాశారు. సగం పని అక్కడే అయింది. వెబ్‌సైటు సంగతీ పెద్ద సంస్థల సంగతీ తర్వాత చెబుతాను. ముందు ఒక్క చీరను పట్టుకుందాం. అది నేతగారి ఇంట్లోంచి బయల్దేరి కొన్నావిడ చేతికి చేరేదాకా దాని మీద ఎంత పడుతుందో చూద్దాం. నెల మొత్తం లెక్కలో దొరకని తప్పు ఒక్క చీర లెక్కలో దొరుకుతుంది.

అమ్మే ధర 1,850. కొన్నది 1,250. మీ ధరలో పన్ను కలిసే ఉంది కనుక 5 శాతం జీఎస్టీ కింద పోయేది 88 (1,850ని 105తో భాగించి 5తో గుణించండి). కొరియర్‌కు 85, కవరుకూ లేబులుకూ 32, ఇస్త్రీకీ మడతకీ ఫోటోలకీ 40 అనుకుందాం. మీ బిల్లులు చూసి వీటిని సరిచేసుకోండి. ప్రకటనల 12,000ను 75 ఆర్డర్లకు పంచితే ఒక్కోదానికి 160. అన్నీ కలిపి 1,655. యూపీఐలో ముందే డబ్బు పంపినవాళ్ళ చీర మీద మీకు మిగిలేది 195 రూపాయలు. సీఓడీ అయితే కొరియర్ సంస్థ తీసుకునే రుసుము 45 దాకా పోయి 150.

ఇప్పుడు తిరిగొచ్చిన చీర చూడండి. వెళ్ళడానికి 85, రావడానికి 85, పాడైన ప్యాకింగు 32, మళ్ళీ ఇస్త్రీ 30, ఆ ఆర్డరు తెచ్చుకోవడానికి పెట్టిన ప్రకటన ఖర్చు 160. మొత్తం 392 పోయింది, చీర మళ్ళీ బీరువాలోకి వచ్చింది. అంటే సీఓడీలో ఒక్క చీర వాపసు వస్తే, సరిగ్గా చేరిన రెండున్నర చీరల మీద వచ్చింది తుడిచిపెట్టుకుపోతుంది. రంగు బాగాలేదని వచ్చినవి ఇంకా బరువు. పికప్‌కు 100 అనుకుంటే ఖర్చే 407, చేతిలోకి వచ్చిన 195 కూడా తిరిగి ఇచ్చేశారు, వెరసి 602.

నెలకు కూడదాం. చేరిన 34 సీఓడీ చీరల మీద 5,100. ముందే కట్టిన 30 చీరల మీద 5,850. మొత్తం 10,950. అందులోంచి 11 వాపసులకు 4,312, నాలుగు రంగు వాపసులకు 2,408 తీసేస్తే మిగిలేది 4,230 రూపాయలు. 75 ఆర్డర్లంటే కాగితం మీద 1,38,750 రూపాయల అమ్మకం. నిజంగా నిలిచినవి 60 చీరలే, దాని మీద మీ నెల కష్టానికి దక్కింది నాలుగు వేల పైచిలుకు. ఇందులో ఇంటి అద్దె, ఫోన్ బిల్లు, మీ జీతం ఇంకా వేయలేదు.

ఇక బీరువా. 140 చీరలు ఇంటూ 1,250 అంటే 1,75,000 రూపాయలు. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు, అక్కడ మడతపెట్టి ఉంది.

నిలబడ్డవాళ్ళ సంగతి అడిగారు కనుక, మీ లెక్కకు నేరుగా తగిలేవి మాత్రం చెబుతాను. అమెజాన్ పుస్తకాలు అమ్ముతున్న తొలి రోజుల్లో కొనేవాళ్ళ నుంచి డబ్బు వెంటనే అందేది, పుస్తకాలు ఇచ్చినవాళ్ళకు తర్వాత కట్టేది. మధ్యలో ఉన్న ఆ కొన్ని వారాల డబ్బు వ్యాపారానికి పెద్ద ఆసరా అయింది. మీది సరిగ్గా దీనికి తలకిందులు. నేతగారికి ముందే ఇస్తున్నారు, సీఓడీ డబ్బు మాత్రం చీర చేరాక వారం పైన ఆగి వస్తోంది. ఈ ఎడాన్ని తగ్గించడానికి నేతగారికి డబ్బు ఆపడం మాత్రం వద్దు. ఆయన దగ్గర నూలుకూ జరీకీ డబ్బు ఆగితే మగ్గమే ఆగుతుంది, తర్వాతి పడుగు (మగ్గం మీద నిలువుగా ఎక్కించే నూలు) ఇంకొకరికి వెళ్ళిపోతుంది. మీకు మిగిలిన దారి కొనేవాళ్ళ నుంచి ముందే తీసుకోవడం. నేను చెప్పబోయే మిగతా పనులు చాలావరకు ఈ ఒక్కదాని కోసమే.

ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాలతో మొదలైంది. వాళ్ళ మొదటి ఆర్డరు వచ్చింది మన మహబూబ్‌నగర్ నుంచే. అడిగిన పుస్తకం వాళ్ళ దగ్గర లేదు, బెంగళూరు షాపులు గాలించి పంపారు. 1999లో అమెరికాలో ఆన్‌లైన్‌లో చెప్పులు అమ్మే జాపోస్ పెట్టిన నిక్ స్విన్‌మర్న్ ఊళ్ళోని చెప్పుల షాపులకు వెళ్ళి ఫోటోలు తీసి పెట్టాడు, ఆర్డరు వచ్చాక షాపులో కొని పంపాడు. సరుకు బీరువా నిండా కొనిపెట్టుకోకుండానే జనం ఏది అడుగుతారో తెలుసుకోవచ్చని ఇద్దరి మొదలూ చూపిస్తుంది. మగ్గాల పక్కనే ఉన్న మీకు ఇది వాళ్ళందరికంటే సులువు.

సీఓడీని ఫ్లిప్‌కార్ట్ 2010లో తెచ్చింది. కార్డు నంబరు ఇవ్వడానికి జనం భయపడే రోజులు అవి. అంటే సీఓడీ అన్నది నమ్మకం లేనిచోట మనం కట్టే రుసుము. నమ్మకం వేరే రకంగా ఇవ్వగలిగినప్పుడు ఆ రుసుము తగ్గించుకోవచ్చు. మీరు దాన్ని ఒక్కసారిగా ఆపేయకండి, అమ్మకం కుప్పకూలుతుంది. ఇలా చేయండి.

సీఓడీ ఆర్డరు రాగానే రెండు గంటల లోపల వాట్సాప్‌లో ఆ చీర ఫోటో, ధర, చిరునామా పంపి ‘సరే’ అని రాయించుకోండి. పిన్‌కోడుకూ ఊరి పేరుకూ పొంతన ఉందో లేదో చూడండి, రెండో ఫోన్ నంబరు అడగండి. తర్వాత 150 రూపాయలు యూపీఐలో అడ్వాన్సు అడగండి. ధరలోంచి ఆ 150 తగ్గించి మిగతా 1,700కే సీఓడీ పెట్టండి, తీసుకోకపోతే అది వెనక్కి రాదని అక్కడే చెప్పండి. 150 పంపడానికి ఇష్టపడనివాళ్ళలో ఎక్కువమంది పార్శిలు కూడా తీసుకోనివాళ్ళే. ఆర్డర్ల అంకె తగ్గినట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. ఏడుగురు ఇలా ముందే జారిపోతే కొరియర్, ప్యాకింగు, ఇస్త్రీ కలిపి ఒక్కోదానికి 232 చొప్పున 1,624 మిగిలినట్టే. ముందే మొత్తం కట్టేవాళ్ళకు 50 తగ్గిస్తే చాలు. ఆ 50లో 45 మీకు సీఓడీ రుసుము కింద మిగిలిందే.

పార్శిలు వెళ్ళాక పని అయిపోదు. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని కొరియర్ సంస్థ నుంచి వచ్చిన రోజునే మీరు ఫోన్ చేయాలి. మామూలుగా మూడుసార్లు ప్రయత్నించి వెనక్కి పంపేస్తారు. చాలాసార్లు ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, డెలివరీ కుర్రాడికి ఇల్లు దొరికి ఉండదు. రోజూ సాయంత్రం నాలుగింటికి ఆగిపోయిన పార్శిళ్ళ జాబితా తెరవడం అలవాటు చేసుకోండి. ప్రైవేటు కొరియర్లు సరిగా వెళ్ళని పల్లెలకు స్పీడ్ పోస్టే మంచిది, అక్కడ పోస్ట్‌మ్యాన్‌కు ఇల్లు తెలుసు.

రంగు సంగతికి వద్దాం. మంగళగిరి చీరలో పడుగు ఒక రంగు, పేక (అడ్డంగా నేసే నూలు) ఒక రంగు వేసినప్పుడు వచ్చే షేడ్ ఫోన్ కెమెరాకు అసలు అందదు. పచ్చ పడుగు మీద గులాబీ పేక వేస్తే మడతలో ఒక రంగు, పరిస్తే ఇంకో రంగు. దీన్ని దాచడం కుదరదు, చెప్పాలి. ‘పడుగు పచ్చ, పేక గులాబీ, వెలుతుర్ని బట్టి రంగు మారి కనిపిస్తుంది’ అని ప్రతి షేడ్ చీర కింద రాయండి. ఫోటోలు ఉదయం తొమ్మిది నుంచి పదిన్నర లోపల, ఉత్తరం వైపు కిటికీ పక్కన తీయండి, ఎండ నేరుగా పడకూడదు. చీర మీద ఒక మూల తెల్ల ఏ4 కాగితం పెట్టండి. ఫోటోలో ఆ కాగితం పసుపుగానో నీలంగానో కనిపిస్తే చీర రంగు కూడా అంతే తప్పు. తెలుపు తెల్లగా వచ్చేలా సరిచేసి, తర్వాత కాగితం ఉన్న భాగం కత్తిరించండి. కెమెరాలో బ్యూటీ, వివిడ్ లాంటివన్నీ తీసేయండి. చీర వెనక పసుపు గోడ, ఎర్ర దుప్పటి ఉండకూడదు, ఆ రంగు బట్ట మీద పడుతుంది. ఒక్కో చీరకు నాలుగు ఫోటోలు చాలు: మొత్తం, అంచు దగ్గరగా, కొంగు, చేతిలో పట్టుకున్న మడత. వీటికి తోడు 20 సెకన్ల వీడియో, అందులో చీరను కిటికీ దగ్గర నుంచి గది లోపలికి నడిపించండి. సీఓడీ ఖాయం చేసుకునేటప్పుడు పంపవలసింది ఈ వీడియోనే.

ఫోటో కింద రాయవలసినవి: చీర పొడవు 5.5 మీటర్లు, జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు (కొలిచి రాయండి, అలవాటుగా రాయకండి), నూలు కౌంట్ (నూలు ఎంత సన్నమో చెప్పే అంకె), అంచు ఎన్ని అంగుళాలు, జరీ ఏ రకం, బరువు ఎన్ని గ్రాములు. చేనేతలో అక్కడక్కడా ముడి, ఒక పోగు తేడా ఉంటాయి. ఉన్నచోట ఫోటో తీసి పంపితే వాపసు రాదు, చీర విప్పాక ఆవిడే చూసుకుంటే వస్తుంది. ‘రిటర్న్ లేదు, మార్పిడి లేదు’ అని రాసిపెడితే గొడవ ఉండదని చాలామంది అనుకుంటారు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న వస్తువును గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్ళు అనడానికి లేదు. మీ రిటర్న్ పద్ధతి మూడు వాక్యాల్లో రాసిపెట్టండి: ఎన్ని రోజుల్లో చెప్పాలి, ఏ స్థితిలో ఉండాలి, కొరియర్ ఎవరు పెట్టుకోవాలి. ఫాల్ కుట్టాక, నీళ్ళలో తడిపాక తీసుకోమని కచ్చితంగా రాయొచ్చు.

రిటర్న్ విషయంలో పన్ను వైపు ఒక చిన్న రంధ్రం ఉంది. చీర పంపేటప్పుడు ఇన్‌వాయిస్ వేస్తారు, వెనక్కి వచ్చాక క్రెడిట్ నోట్ (ఆ అమ్మకం రద్దయిందని చూపే కాగితం) వేయడం మర్చిపోతారు. అప్పుడు అమ్ముడవని చీరకు కూడా 88 కడతారు. మీకు నెలకు 15 వాపసులంటే 1,320 రూపాయలు. ఆడిటర్‌కు నెలనెలా వాపసుల జాబితా విడిగా ఇవ్వండి. కాంపోజిషన్ స్కీములోకి (చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) మారితే ఒక శాతమే కదా అని ఎవరైనా చెబితే వినకండి. ఆ స్కీములో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మడానికి వీల్లేదు, మీరు తెలంగాణకు ఒక్క చీర పంపినా తప్పే అవుతుంది.

అట్టపెట్టె విషయంలో మీ కోరిక నాకు అర్థమైంది, కానీ కాస్త ఆగండి. కొరియర్ సంస్థలు అసలు బరువు, పరిమాణం బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. మామూలుగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది పరిమాణం బరువు. 35, 28, 8 సెంటీమీటర్ల పెట్టె తీసుకుంటే 1.57 కిలోలు. అరకిలో మెట్ల లెక్కన దాన్ని రెండు కిలోలు చేస్తారు, లోపల చీర అరకిలో ఉన్నా సరే. అదే చీరను కవరులో 30, 24, 4 కొలతల్లో పంపితే 0.576, అంటే కిలో మెట్టు. మడత కాస్త మార్చి 30, 22, 3.5లోకి తెస్తే 0.462, కవరుతో కలిపి తూచినా అరకిలో దాటకపోతే అరకిలో ధరే. మడత తేడా ఒక్కటే కొరియర్ బిల్లును ఒక మెట్టు దించుతుంది. నేనైతే మిగతా అన్నిటికంటే ముందు ఈ రోజే ఇది చేస్తాను. ప్రతి పార్శిలునూ తూకం మీద పెట్టి, పక్కన టేపు ఉంచి ఫోటో తీయండి. తర్వాత వాళ్ళు బరువు ఎక్కువ వేస్తే ఆ ఫోటోతోనే అభ్యంతరం పెట్టాలి, దానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. పెట్టె కావాలంటే పెళ్ళికి పెట్టుబడులకు తీసుకునేవాళ్ళకు విడిగా ధర వేసి ఇవ్వండి.

ధర పెంచాలి. వాపసులు చాలావరకు తగ్గినా మీ లెక్క ఏడెనిమిది వేల దగ్గరే ఆగుతుంది. 1,850ని 2,050 చేస్తే అందులో పన్నుకు పోయేది తొమ్మిదిన్నర రూపాయలే. మిగతా 190 మీదే, నిలిచే 60 చీరల మీద 11,400. అన్నీ ఒకేసారి పెంచకండి. కొత్తగా వచ్చే రంగులకూ పెద్ద అంచులకూ ముందు కొత్త ధర వేసి, మూడు వారాలు ఎన్ని పోయాయో చూడండి. పెంచలేమనిపిస్తే కొరియర్‌కు 80 విడిగా తీసుకుని, రెండు చీరలకు ఉచితం అనండి. రెండు చీరలు ఒకే పార్శిల్లో పోతే ప్రకటన ఖర్చు సగమవుతుంది. కొన్న ధర తగ్గించమని నేతగారిని నొక్కడం దీనికి మందు కాదు. తగ్గించిన ధరకు వచ్చే చీరలో పోగుల లెక్క తగ్గుతుంది, లేదా చేనేత పేరుతో పవర్‌లూమ్ (మరమగ్గం) చీర వస్తుంది. ఆ రోజు మీ పేరు పోతుంది. చేనేత గుర్తు లేబులు ఇచ్చే సంఘం దగ్గర కొన్న చీరకు ఆ లేబులు తీయకుండా, అది కనబడే ఫోటో కూడా పెట్టండి. ధర ఎందుకంత అని అడిగేవాళ్ళకు అదే జవాబు.

బీరువాలోని 140 చీరలకు ఆషాఢం ఉంది. ఆ నెలలో తగ్గింపు ఉంటుందని తెలుగిళ్ళలో అందరూ ఎదురుచూస్తారు కనుక మీ మామూలు ధర మీద మచ్చ పడదు. వెంటనే వచ్చే శ్రావణంలో కొత్త చీరలు మళ్ళీ పూర్తి ధరకే పోతాయి. రెండు చీరలు కలిపి 2,900 అనండి. కొన్నది 2,500, పన్ను 138, కొరియర్ 120, ప్యాకింగు 40 పోను 102 మిగులుతుంది. ప్రకటన మీద పైసా పెట్టకుండా పాత కొనుగోలుదార్లకే, ముందే డబ్బు కట్టే షరతు మీద ఇవ్వండి. 40 జతలు పోతే లక్ష రూపాయల పెట్టుబడి మీ చేతికి తిరిగి వస్తుంది. మిగిలిన వాటిలో అసలు ఎవరూ అడగని రంగులుంటాయి. వాటిని డ్రెస్ ముక్కలుగా, జాకెట్టు ముక్కలుగా కత్తిరించి అమ్మడం మేలు. నష్టానికి భయపడి ఇంకో ఏడాది ఉంచితే మడత గీతల దగ్గర జరీ నల్లబడుతుంది, అప్పుడు ఎవరికీ పనికిరాదు.

ఇంత నిల్వ మళ్ళీ పేరుకోకుండా ఉండాలంటే కొనే పద్ధతి మార్చాలి. ప్రతి చీరకు కొన్న తేదీ రాసిన చిన్న కాగితం మడతలో పెట్టండి. 45 రోజులు దాటితే కొత్త ఫోటోలు తీయండి, 90 దాటితే జతల్లో వేయండి, 150 దాటితే ఆషాఢం దాకా ఆగకుండా కొన్న ధరకైనా పంపేయండి. ఒకే పడుగు మీద పేక రంగు మార్చి వేరువేరు చీరలు నేయొచ్చు కనుక, నేతగారితో మాట్లాడి పడుగంతా ఒకే రంగు పట్టకుండా రెండు మూడు పేకలు వేయించండి. మొదటిది దిగగానే ఫోటో పెట్టి, మిగతావాటికి సగం అడ్వాన్సు తీసుకుని నేతకివ్వండి. ఎన్ని రోజులు పడుతుందో ఆయన్నే అడిగి, దానికి ఒక వారం కలిపి కొనేవాళ్ళకు చెప్పండి. వానాకాలంలో రెండు వారాలు కలపండి. పడుగుకు గంజి పట్టించి ఆరబెట్టాలంటే పొడి వాతావరణం కావాలి, ముసురు పడితే ఆ పని సాగదు. నూలు చీరలకు అసలు గిరాకీ మార్చి నుంచి మే వరకు. ఆ లేత రంగులన్నీ జనవరిలోనే చెప్పి ఉంచాలి. మార్చిలో పరిగెత్తితే మంచివన్నీ పెద్ద షాపులు ఎత్తుకుపోయి ఉంటాయి.

పెద్ద ఆన్‌లైన్ సంస్థల్లో ఇప్పుడే వద్దు. మీ సరుకులో చాలావరకు ఒక్కొక్కటే ఉంటుంది. ఇక్కడ వాట్సాప్‌లో అమ్ముడైన చీర అక్కడ తీసేయడం మర్చిపోతే ఆర్డరు రద్దు చేయాల్సి వస్తుంది, రద్దుల వల్ల మీ ఖాతా వెనక్కి పోతుంది. పక్కనే 500 రూపాయల పవర్‌లూమ్ చీర అదే పేరుతో కనిపిస్తుంది. కమిషనూ, తేలిగ్గా వచ్చే వాపసులూ మీ 195లోంచి పోయేవే. ఎప్పుడు కావాలంటే అప్పుడు 20 చీరలు ఒకే రకంగా నేయించగల సాదా రంగులు మీకు కుదిరాక, వాటిని మాత్రం పెట్టి చూడండి. అప్పుడు మామూలుగా ప్రతి చెల్లింపులో అర శాతం జీఎస్టీ టీసీఎస్, 0.1 శాతం టీడీఎస్ అన్న పేర్లతో పన్ను ముందే కోసుకుంటారు. అది పోయే డబ్బు కాదు, లెక్కల్లో చూపి తిరిగి తీసుకోవాలి. చిన్న అమ్మకందార్లు చాలామంది దాన్ని వదిలేస్తారు.

వెబ్‌సైటు కొనేవాళ్ళను తీసుకురాదు, వచ్చినవాళ్ళకు సదుపాయం ఇస్తుంది. నెల ఆర్డర్లలో మూడోవంతు పాతవాళ్ళ నుంచి వస్తూ, ‘ధర ఎంత, ఉందా’ అన్న ప్రశ్నలకు జవాబులివ్వడానికే రోజుకు రెండు గంటలు పోతుంటే అప్పుడు పెట్టండి. అందాకా వాట్సాప్ బిజినెస్‌లోని కేటలాగ్ చాలు.

పాతవాళ్ళ నుంచి ఆర్డర్లు రావడమే ప్రకటనల ఖర్చుకు అసలు మందు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక జాబితాకు 256 మందే పడతారు, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. ఈ చివరి మాట తెలియక చాలామంది మెసేజులు గాలిలోకి పంపుతుంటారు. పార్శిల్లో అరచేతంత కార్డు పెట్టండి: మీ నంబరు, ‘సేవ్ చేసుకుంటే కొత్త చీరలు ముందు మీకే’ అన్న మాట, వెనకవైపు ఉతికే పద్ధతి (మొదటిసారి విడిగా, చల్లటి నీళ్ళలో, నీడలో ఆరేయాలి). చీర చేరిన నాలుగో రోజు ఎలా ఉందని అడగండి, నలభయ్యో రోజు వాళ్ళు కొన్న రంగుకు దగ్గరగా ఉన్న రెండు చీరలు మాత్రమే చూపండి. ముప్పై చూపితే ఒక్కటీ కొనరు. ఒక నెల ప్రకటనలకు 12,000 బదులు 8,000 పెట్టి, కొత్తవాళ్ళు ఎంతమంది, పాతవాళ్ళు ఎంతమంది అని విడివిడిగా రాసుకోండి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు అడిగితే విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న వాళ్ళ అమ్మానాన్నల చిరునామా అడగడం అన్నిటికంటే సులువు. నేరుగా పంపాలంటే 500 రూపాయలు కట్టి ఐఈసీ కోడ్ (ఎగుమతి చేసేవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే నంబరు) తీసుకోవాలి. అమెరికాకు 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న పోయింది. అక్కడ పడే సుంకం ఎవరు కట్టాలో డబ్బు తీసుకోకముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

ఇక నాకు బాగా నచ్చిన సామాన్లు. మొదటిది ప్యాకింగ్ బల్ల. అమెజాన్ తొలి రోజుల్లో జెఫ్ బెజోస్, తోటివాళ్ళు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని పుస్తకాలు ప్యాక్ చేసేవారట. మోకాళ్ళకు మెత్తలు కొందామని ఆయన అంటే, పక్కనున్నవాడు బల్లలు కొందామన్నాడట. ఆ మాట ఆయనే తర్వాత చాలాచోట్ల చెప్పాడు. మీ నడుము ఎత్తుకు వచ్చే బల్ల, ఆరడుగుల పొడవు ఉంటే చీరను కొంచెం కొంచెంగా జరుపుతూ పరిచి మరకలు చూడొచ్చు. మంచం మీద ప్యాక్ చేస్తే వెంట్రుకలు, దుమ్ము చీరతోపాటు వెళతాయి.

రెండోది 10 కిలోల దాకా తూచే డిజిటల్ తూకం, 5 గ్రాముల తేడా పట్టేది. మూడోది 4 ఇంటూ 6 అంగుళాల థర్మల్ లేబుల్ ప్రింటరు. చేత్తో రాసిన చిరునామాలో ఒక అంకె తప్పు పడితే పోయేది 392 అని ఇప్పుడు మీకు తెలుసు. కవరు 60 మైక్రాన్లకు తగ్గకూడదు, లోపల చీరకు ప్లాస్టిక్ తగలకుండా పల్చటి మల్లు బట్టో బటర్ పేపరో చుట్టండి. తేమలో ప్లాస్టిక్ లోపల చెమ్మ పడితే గంజి వాసన పట్టేస్తుంది. కలరా ఉండలు జరీకి తగలనీయకండి.

అన్నిటికంటే ఎక్కువ ఇష్టమైనది ఒక పొడుగు పుస్తకం, రూళ్ళు గీసినది. ఒక్కో చీరకు ఒక వరుస: కొన్న తేదీ, రంగు, ఎవరి మగ్గం, కొన్న ధర, పోయిన తేదీ, అమ్మిన ధర, ఏ పిన్‌కోడుకు, ఏ ప్రకటన చూసి కొన్నారు, సీఓడీయా ముందేనా, తిరిగొస్తే ఎందుకు. ఫోనులో షీటు వాడినా ఫరవాలేదు, కానీ ఆఖరి గడి ఖాళీగా వదలకండి. రెండు నెలలయ్యేసరికి ఏ రంగు, ఏ పిన్‌కోడు, ఏ ప్రకటన నుంచి వాపసులు వస్తున్నాయో అదే చెబుతుంది.

డబ్బుకు రెండు ఖాతాలు పెట్టండి. ప్రతి శనివారం ఆ వారం నిలిచిన చీరలు ఎన్నో చూసి, ఒక్కోదానికి 1,250 చొప్పున నేత డబ్బు, 88 చొప్పున పన్ను డబ్బు రెండో ఖాతాలోకి మార్చేయండి. కొత్త చీరలు ఆ ఖాతాలో ఉన్నంతకే కొనాలి. మొదటి ఖాతాలో కనిపించేదే మీది.

ఈ వారం మడతా, సీఓడీ అడ్వాన్సూ మొదలుపెట్టండి. వచ్చే వారం తెల్ల కాగితం పెట్టి పది చీరలకు కొత్త ఫోటోలు తీయండి. ధర, ఆషాఢం జతలు ఆ తర్వాత. రెండు నెలలయ్యాక మళ్ళీ రాయండి. తిరిగొచ్చిన సీఓడీ పార్శిళ్ళు ఎన్ని, 90 రోజులు దాటిన చీరలు ఎన్ని అన్న రెండు అంకెలు మొదటి వాక్యంలోనే ఉండాలి.